తిట్టిన నోటితోనే ‘అయ్యో పాపం’

1967 వచ్చేసరికి అమెరికాలో ఏబీసీ వాళ్ళ ‘డార్క్ షాడోస్’ సీరియల్ పని దాదాపు అయిపోయింది. పాత బంగళా, సముద్రపు హోరు, ఒక అనాథ టీచరమ్మ, తాళాలు వేసిన గదులు... ఏవీ జనాన్ని కూర్చోబెట్టలేకపోయాయి. నిర్మాత డాన్ కర్టిస్ తెగించి ఆ ఏప్రిల్‌లో కథలోకి ఒక రక్తపిశాచాన్ని దించాడు. నగల కోసం సమాధిలోకి దూరిన ఒక చిల్లర దొంగ, గొలుసులు చుట్టిన శవపేటిక మూత తీస్తాడు. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి అతని పీక పట్టుకుంటుంది. ఆ చెయ్యి బర్నబస్ కాలిన్స్‌ది. ఆ వేషం వేసింది జోనాథన్ ఫ్రిడ్ అనే కెనడా రంగస్థల నటుడు. కొన్ని వారాలు జనాన్ని జడిపించి, గుండెలో మేకు దిగి చచ్చిపోవాలి. అతనికి చెప్పిన వేషం అంతవరకే.

చావలేదు. ఉత్తరాలు వచ్చి పడ్డాయి, అవీ తిడుతూ కాదు, ఆయన ఎంత బాగున్నాడో చెబుతూ. బడి వదలగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి టీవీ ముందు కూర్చోవడం మొదలైంది. దాంతో రచయితలకి కొత్త చిక్కు వచ్చింది. వారానికొకరిని చంపిస్తే కథలో మనుషులు మిగలరు, చంపించకపోతే అది పిశాచమే కాదు. ఆ నవంబరులో కథని ఏకంగా 1795వ సంవత్సరానికి తీసుకుపోయారు. అక్కడ బర్నబస్ పెళ్ళి కుదిరిన మామూలు పడుచువాడు. అతన్ని కోరుకుని భంగపడిన ఏంజెలీక్ అనే పనిమనిషి మంత్రగత్తె కూడా, శాపం పెట్టింది. ఆ పాత కథని నెలల తరబడి చూశాక, మళ్ళీ వర్తమానంలోకి వచ్చేసరికి చూసేవాళ్ళకి అతను పిశాచంలా కాక, పాపం శాపగ్రస్తుడిలా కనిపించాడు. మూతపడాల్సిన సీరియల్ 1971 దాకా, 1,225 ఎపిసోడ్లు నడిచింది.

దుర్మార్గుడి మీద మెల్లగా జాలి పుట్టించడం, మంచివాడి మీద మెల్లగా మనసు విరిచేయడం ఈరోజుల్లో టీవీ రచయితల గొప్ప పనితనంగా చెప్పుకుంటున్నాం. నిజానికి ఈ విద్య ఎవరి బుర్రలోనూ గొప్ప ఆలోచనగా పుట్టలేదు. ముగింపు లేని కథ, రోజూ నింపాల్సిన సమయం, వదులుకోలేని నటుడు, గుట్టలుగా వచ్చే ఉత్తరాలు, ఇవన్నీ కలిసి తెచ్చిన ఇరకాటంలో పుట్టింది. పనితనం తర్వాత వచ్చింది.

చెడ్డవాడి పక్షాన నిలబడటం తెలుగు ప్రేక్షకులకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీ రామారావు కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ తానే వేస్తే, జనం బట్టీపట్టింది దుర్యోధనుడి డైలాగుల్ని. అయితే సినిమా ఆ పని ఒక్క కూర్చోవడంలో చేయాలి. అందుకు కొండవీటి వెంకటకవి లాంటి వాడి మాటలూ, రామారావు లాంటి వాడి కంఠమూ కావాలి. సీరియల్‌కి అంత ప్రతిభ లేకపోయినా సరిపోతుంది. దాని చేతిలో ఉన్నది కాలం. ఏళ్ళ తరబడి రోజూ ఇంటికొచ్చే మనిషిని ఎంతకాలమని అసహ్యించుకుంటారు?

ఈ సంగతి అందరికంటే ముందు పసిగట్టింది రేడియో. 1930లో షికాగో డబ్ల్యూజీఎన్ స్టేషన్‌లో ఇర్నా ఫిలిప్స్ అనే మాజీ టీచరు రాసిన ‘పెయింటెడ్ డ్రీమ్స్’తో అమెరికాలో పగటి సీరియళ్ళు మొదలయ్యాయని చెబుతారు. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టాయి కాబట్టి వాటికి సోప్ ఒపేరాలన్న పేరు స్థిరపడింది. ఆవిడే 1937లో రేడియోలో మొదలుపెట్టిన ‘గైడింగ్ లైట్’ 1952లో టీవీకెక్కి 2009 దాకా సాగింది. కథ ఎంత నెమ్మదిగా కదిలితే అంత మంచిదన్నది ఇర్నా పట్టుకున్న కిటుకు. వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతూ ఇద్దరు మాట్లాడుకుంటారు, కెమెరా మొహం మీదే ఉంటుంది. చూసే ఇల్లాలికి అది కథలా కాక పక్కింటి కబురులా అనిపిస్తుంది.

ఆమె రాసిన ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ 1956లో మొదలైంది. అదే ఏడాది డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. తెర మీది మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడేది ఏకపక్ష స్నేహమనీ, అవతలి వాడికి మనం తెలియకపోయినా మనకి మాత్రం అతను తెలిసినవాడే అవుతాడనీ వాళ్ళు తేల్చారు. ఆ స్నేహం ఎంత ముదురుతుందో ఐలీన్ ఫుల్టన్‌కి అనుభవం. 1960 నుంచీ ఆ సీరియల్‌లో గయ్యాళి లీసా వేషం వేసిన ఆమెను వీధిలో ఒకావిడ పట్టుకుని కొట్టింది. సీరియల్ మానేసి కాదు, రోజూ చూస్తూనే.

తిట్టించుకున్న పాత్రని ఓపికగా కథానాయికగా మలిచిన తొలి పెద్ద ఉదాహరణ ‘అనదర్ వరల్డ్’లో రేచల్. 1967లో ఆగ్నెస్ నిక్సన్ ఈ పాత్రను ప్రవేశపెట్టింది. రేచల్ తండ్రి చిన్నప్పుడే వదిలేసి పోయిన పేదింటి పిల్ల. డాక్టర్ని పెళ్ళాడింది, తర్వాత స్టీవ్ అనే డబ్బున్నవాడి మీద కన్నేసింది. ఆ స్టీవ్‌కీ అందరూ మెచ్చే అమాయకురాలు ఆలిస్‌కీ నిశ్చితార్థం విందు జరుగుతుంటే వెళ్ళి, నా కడుపులో ఉన్నది స్టీవ్ బిడ్డ అని ఆలిస్ చెవిన వేసింది. అమెరికా ఇల్లాళ్ళు ఆమెను ఎంతగా శపించి ఉంటారో ఊహించుకోవచ్చు.

1971లో నాటకరచయిత హార్డింగ్ లెమే ఈ సీరియల్ కలం అందుకున్నాడు. అంతకుముందు సోప్ ఒపేరాలు రాసిన అలవాటు లేనివాడు. రేచల్ ఎందుకిలా తయారైందన్న ప్రశ్న వేసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ వేషంలోకి విక్టోరియా విండమ్ అనే కొత్త నటి వచ్చింది. లెమే రేచల్‌కి ముందు ఓటమి ఇచ్చాడు. తర్వాత ఆమె కంటే వయసులో చాలా పెద్దవాడైన మ్యాక్ కోరీ అనే పుస్తక ప్రచురణకర్తని ఇచ్చాడు, ఆమె గతమంతా తెలిసీ గౌరవించేవాడు. శిల్పాలు చెక్కే పని ఇచ్చాడు. అన్నిటికంటే తెలివైన పని, మ్యాక్ కూతురు ఐరిస్‌ని ఆమె మీదికి ఉసిగొల్పడం. రేచల్ కంటే చదువుకున్నది, డబ్బున్నది, తీయగా మాట్లాడి గోతులు తవ్వేది ఐరిస్. ఆమె ముందు నిలబడేసరికి రేచల్ పాత పాపాలు చిన్నవైపోయాయి. 1975లో మ్యాక్‌తో పెళ్ళయ్యే నాటికి ప్రేక్షకులు ఆడపెళ్ళివారైపోయారు. 1999లో సీరియల్ ముగిసేదాకా అందులో ఆవిడే పెద్దదిక్కు.

దెబ్బ తినిపించు, గతం చెప్పు, అంతకంటే చెడ్డదాన్ని ఎదురుగా నిలబెట్టు. ఇవాళ ఏ భాషలో సీరియల్ చూసినా ఈ మూడే పనిముట్లు. లెమే చేతిలో అవి పదునుగా కనిపించడానికి కారణం తొందరపడకపోవడం.

తొందరపడితే ఏమవుతుందో ‘జనరల్ హాస్పిటల్’ చూపించింది. 1979 అక్టోబరులో ల్యూక్ స్పెన్సర్ అనే గూండా, లారా అనే అమ్మాయిని డిస్కో హాలులో బలాత్కరిస్తాడు. ల్యూక్ కొన్నాళ్ళుండి పోవాల్సిన పాత్ర. కానీ ఆ వేషాలు వేసిన ఆంటొనీ గేరీ, జెనీ ఫ్రాన్సిస్ ఒకే చట్రంలో కనిపించినప్పుడల్లా రేటింగులు పెరిగాయి. నిర్మాత గ్లోరియా మాంటీ ఆ రేటింగుల వైపే మొగ్గింది. జరిగినదాన్ని బలాత్కారమనడం మాని, ఏదో మోహావేశమన్నట్టు మాట్లాడుకోసాగారు పాత్రలు. 1981 నవంబరులో వాళ్ళిద్దరి పెళ్ళికి ఎలిజబెత్ టేలర్ అతిథి వేషం వేసింది. దాదాపు 3 కోట్ల మంది చూశారు. అమెరికా పగటి టీవీలో అంతటి జనం మరే సీరియల్‌కీ లేరు. పాత్ర మారలేదు, పశ్చాత్తాపమూ లేదు. జ్ఞాపకాన్ని చెరిపేశారు, అంతే. చివరికి 1998లో, వాళ్ళ కొడుక్కి ఆ పాత సంగతి తెలిసినట్టు కథ రాసి ల్యూక్‌ని నిలదీయాల్సి వచ్చింది. 19 ఏళ్ళు ఆలస్యంగా.

రాత్రి వేళ ‘డల్లాస్’లో జరిగింది ఇంకో రకం. 1978లో మొదలైనప్పుడు అది బాబీ, పమేలా అనే జంట కథ. అన్న జేఆర్ ఈవింగ్ పక్కవాడు. ల్యారీ హాగ్‌మన్ ఆ పక్క వేషంలోనే ఒక నవ్వు నవ్వి మొత్తం సీరియల్‌ని జేబులో వేసుకున్నాడు. 1980 మార్చిలో జేఆర్‌ని ఎవరో కాల్చారు. ఎవరన్నది నవంబరు 21న తేలిన రాత్రి అమెరికాలో 8 కోట్లకి పైగా జనం టీవీల ముందున్నారు. జేఆర్ మంచివాడు కాలేదు, అతని మీద ఎవరికీ జాలీ కలగలేదు. అతను లేకపోతే తోచదు, అంతే! అభిమానానికి మంచితనం అవసరం లేదని వ్యాపారానికి అప్పుడు బోధపడింది.

ప్రేక్షకుడు రచయిత చెప్పినట్టు వింటాడా అన్నది వేరే చిక్కు. 1971లో నార్మన్ లియర్ ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’లో ఆర్చీ బంకర్ అనే నోటి దురుసు మనిషిని పెట్టాడు. నల్లవాళ్ళనీ, యూదుల్నీ, అల్లుణ్ణీ తిట్టే ఆర్చీని చూసి జనం నవ్వాలి, ఆ ద్వేషం ఎంత వెర్రిదో గ్రహించాలి. నీల్ విడ్మర్, మిల్టన్ రోకీచ్ 1974లో ప్రచురించిన అధ్యయనం ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది. ముందునుంచే అలాంటి ద్వేషాలున్నవాళ్ళు ఆర్చీని మెచ్చుకుంటున్నారు, వాదంలో గెలిచింది కూడా అతనేనంటున్నారు. ఎగతాళి చేయడానికి పెట్టిన మనిషి కొందరి ఇళ్ళలో పెద్దమనిషయ్యాడు. ఆర్చీ కూర్చున్న కుర్చీ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

భారతదేశంలో ఇదే పాఠం పదేళ్ళ తర్వాత ‘హమ్ లోగ్’ నేర్పింది. దాని మూలాలు మెక్సికోలో ఉన్నాయి. మిగెల్ సబీదో అనే నిర్మాత 1975 నుంచీ వయోజన విద్య, కుటుంబ నియంత్రణ లాంటి విషయాల్ని టీవీ సీరియళ్ళలో నేర్పుతూ ఒక పద్ధతి తయారుచేశాడు. కొన్ని పాత్రలు పూర్తిగా మంచివి, కొన్ని పూర్తిగా చెడ్డవి, మధ్యలో ఊగిసలాడేవి కొన్ని. కథంతా ఆ మధ్యవాళ్ళదే. వాళ్ళు తడబడి, నష్టపోయి, కాలక్రమంలో మారతారు. వాళ్ళతోబాటు చూసేవాళ్ళూ మారతారని నమ్మకం. పగటి సీరియళ్ళు అవసరానికి చేసిన పనిని సబీదో సూత్రంగా రాసుకున్నాడన్నమాట.

1984 జులై 7న దూరదర్శన్‌లో మనోహర్ శ్యామ్ జోషి రాసిన ‘హమ్ లోగ్’ మొదలైంది. ఎపిసోడ్ చివర నటుడు అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవాడు. అందులో తల్లి భాగవంతి, తాగుబోతు భర్త బసేసర్ రామ్ ఏమన్నా, అత్త ఏమన్నా నోరెత్తకుండా భరిస్తుంది. ఇలా ఉండకూడదని చూపించడానికే ఆమెను పెట్టారు. అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు ప్రేక్షకుల్ని అడిగి చూస్తే, ఆదర్శ స్త్రీగా భాగవంతినే చెప్పినవాళ్ళు చాలామంది తేలారు. ఓర్పు ఉన్న ఇల్లాలు కదా! ఆమె కన్నీళ్ళు చూసి వీళ్ళు ఆమె పక్షం చేరారు. కానీ ఆమెను ఏడిపించే ఏర్పాటుకి ఎదురు తిరగలేదు. తర్వాతి నలభై ఏళ్ళ భారతీయ సీరియల్ కోడళ్ళందరూ భాగవంతి కడుపున పుట్టినవాళ్ళేనంటే పెద్ద అతిశయోక్తి కాదు.

అమెరికాలో ఈలోగా చెడ్డవాణ్ణి దగ్గర చేసే ఈ పద్ధతి రాత్రి డ్రామాల్లోకి పాకింది. 1993లో ‘ఎన్‌వైపీడీ బ్లూ’లో తాగుబోతుగా, జాతిద్వేషిగా పరిచయమైన పోలీసు ఆండీ సిపోవిట్జ్, 2005 నాటికి ఆ సీరియల్‌కి గుండెకాయ. డెనిస్ ఫ్రాంజ్‌కి ఆ వేషం నాలుగు ఎమ్మీలు తెచ్చిపెట్టింది. అసలు పందెం మాత్రం 1999 ఫిబ్రవరిలో ‘ద సొప్రానోస్’ ఐదో ఎపిసోడ్‌లో కాశారు. కూతురికి కాలేజీలు చూపించడానికి తీసుకెళ్ళిన మాఫియా ముఠా మనిషి టోనీ సొప్రానో, దారిలో ఒక పాత ద్రోహిని గుర్తుపడతాడు. కూతుర్ని ఇంటర్వ్యూకి దింపి వచ్చి, వైరుతో వాడి గొంతు బిగించి చంపుతాడు. హెచ్‌బీవో అధికారులు బెంబేలెత్తారు, హీరోని జనం వదిలేస్తారన్నారు. చంపకపోతేనే నమ్మరని సీరియల్ సృష్టికర్త డేవిడ్ చేజ్ పట్టుబట్టాడు. సర్దుబాటుగా, ఆ ద్రోహి కూడా టోనీని చంపించాలని చూసినట్టు కొంత కలిపారు. ఎదుటివాణ్ణి కాస్త చెడగొట్టు! ఐరిస్ నాటి పనిముట్టే. జనం వదల్లేదు.

ఎదురుదిశలో నడిచిన కథల్లో ‘బ్రేకింగ్ బ్యాడ్’ది పెద్ద పేరు. 2008 జనవరిలో ఏఎంసీలో మొదలైంది. సాదాసీదా పంతుల్ని తీసుకుని కరడుగట్టిన ముఠానాయకుడిగా మార్చాలన్నది దాని సృష్టికర్త విన్స్ గిలిగన్ ముందే వేసుకున్న పథకం. క్యాన్సర్ వచ్చిన కెమిస్ట్రీ మేష్టారు వాల్టర్ వైట్, పెళ్ళాం బిడ్డల కోసమని మత్తుమందు వండటం మొదలెడతాడు. అంతవరకూ కామెడీ తండ్రిగానే జనానికి తెలిసిన బ్రయన్ క్రాన్‌స్టన్‌ని చానల్ వద్దంటే, తను రాసిన ఒక పాత ‘ఎక్స్-ఫైల్స్’ ఎపిసోడ్ చూపించి ఒప్పించాడు గిలిగన్. అందులో క్రాన్‌స్టన్ వేసింది నోటికొచ్చినట్టు మాట్లాడే మనిషి వేషం, అయినా చివర్లో చూసేవాళ్ళకి అతనంటే జాలేస్తుంది.

ఇంత పథకంలోనూ పాత ఇరకాటం తొంగిచూసింది. శిష్యుడు జెస్సీ మొదటి సీజన్‌లోనే చచ్చిపోవాలి. ఆరన్ పాల్ నటన చూశాక గిలిగన్ మనసు మార్చుకున్నాడు. బర్నబస్‌కి పట్టిన అదృష్టమే జెస్సీకీ పట్టింది. గురువు దిగజారేకొద్దీ ప్రేక్షకుల జాలంతా వెళ్ళి చేరడానికి ఆ కుర్రాడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ కథ ఏమయ్యేదో.

రెండో సీజన్ చివర్లో ఒక గది దృశ్యం ఉంది. జెస్సీ, అతని ప్రియురాలు జేన్ మత్తులో నిద్రపోతుంటారు. వాల్టర్ జెస్సీని లేపబోయి కుదుపుతాడు. ఆ కుదుపుకి జేన్ వెల్లకిలా తిరుగుతుంది. వాంతి గొంతుకడ్డం పడుతుంది. వాల్టర్ గబగబా ఆ పక్కకి వెళ్ళి చెయ్యి చాస్తాడు. ఆ చెయ్యి మధ్యలోనే ఆగుతుంది. ఈ పిల్ల తనని బెదిరించింది, జెస్సీని తనకి కాకుండా చేస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, కళ్ళలో నీళ్ళు, కాసేపటికి మొహం గట్టిపడుతుంది. ముందు రాసుకున్న ఆలోచనలో వాల్టరే చేజేతులా ఆమెను చంపుతాడు. అది మరీ తొందరని తోటివాళ్ళు వారించాక ఈ రూపం వచ్చింది. ఆ సమయంలో జేన్ మొహంలో తన సొంత కూతురు కనిపించిందని క్రాన్‌స్టన్ తర్వాత చెప్పుకున్నాడు.

అంత చూశాక కూడా ఎందరో వాల్టర్ వైపే ఉన్నారు. కోపమంతా అతని భార్య స్కైలర్ మీద. మొగుడు హంతకుడని తెలిసి అడ్డుపడటం ఆమె చేసిన నేరం! ఆ వేషం వేసిన అన్నా గన్ మీదికీ ద్వేషం మళ్ళింది. 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో ఆమె దీని గురించి వ్యాసమే రాసింది. మర్రే స్మిత్ అనే సినిమా పండితుడు 1995లోనే ఒక తేడా చూపించాడు. కథ మనల్ని ఎవరి వెంట నడిపిస్తోందన్నది ఒకటి, మనం ఎవర్ని సమర్థిస్తున్నామన్నది మరొకటి. వాల్టర్ వెంట ఐదు సీజన్లు నడిచిన కాళ్ళు స్కైలర్ గుమ్మం తొక్కింది తక్కువ.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో జేమీ లానిస్టర్‌కి జరిగింది సరిగ్గా దీని తిరగేత. 2011లో మొదటి ఎపిసోడ్ చివర పదేళ్ళ పిల్లవాణ్ణి కిటికీలోంచి తోసేస్తాడు. 2013లో, చెయ్యి తెగిపోయి, వేడినీళ్ళ తొట్టెలో కూర్చుని, రాజుని తానెందుకు చంపాడో బ్రియెన్ అనే యోధురాలికి చెబుతాడు. ఆ రాజు ఊరు మొత్తాన్ని తగలబెట్టబోయాడు కాబట్టి. ఇది టీవీ వాళ్ళ తెలివి కాదు. జార్జ్ మార్టిన్ నవలల్లో మొదటి రెండింటిలోనూ జేమీని బయటినుంచే చూస్తాం, 2000లో వచ్చిన మూడో నవలలో తొలిసారి అతని తలకాయలోకి వెళతాం.

ఇక మన ఇళ్ళలోకి వస్తే, 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన ‘కార్తీక దీపం’ని దాటి పోలేం. మలయాళ ‘కరుత్తముత్తు’కి ఇది తెలుగు రూపం, అక్కడ చేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడా దీప. మొదట్లో అత్త సౌందర్యకి నల్లని చర్మమంటేనే గిట్టదు. కోడలి రంగు చూసి ఈసడించుకున్న ఆ మనిషే, పోనుపోనూ కొడుకుని కాదని కోడలి పక్కన నిలబడింది. సీరియల్ మొత్తంలో నికరంగా మారిన మనిషి ఎవరంటే ఆవిడే.

దీప మొగుడు డాక్టర్ బాబు సంగతి వేరు. మోనిత అనే ఆవిడ పన్నిన మాయలో పడి, తనకి పిల్లలు పుట్టరని నమ్మి, గర్భవతి అయిన భార్యని అనుమానించి వదిలేసిన మొగుడు. చదువుకున్న డాక్టరుకి డీఎన్ఏ టెస్టు చేయించాలని తోచదా అని తెలుగు దేశమంతా జోకులేసింది. అయినా ఆ వేషం వేసిన నిరుపమ్ పరిటాలని జనం ద్వేషించలేదు. శోభా శెట్టి మోనితగా ఉన్నంతకాలం తిట్లు పడే చోటు ఒకటి సిద్ధంగా ఉంది. అతను మోసపోయినవాడు, ఆమె మోసం చేసింది. ఏళ్ళ తరబడి నమ్మకపోవడం అతని సొంత తప్పన్న లెక్క ఆ రద్దీలో మరుగున పడింది.

2022లో ఆ జంట ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, పెద్దవాళ్ళయిన కూతుళ్ళతో కథ నడిపారు. రేటింగులు పడ్డాయి. 2001లో ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో హీరో మిహిర్‌ని చంపి జనం గోల భరించలేక బతికించినట్టే, ఇక్కడా వంటలక్కగా పేరుపడ్డ దీపనీ డాక్టర్ బాబునీ కొద్ది నెలల్లోనే వెనక్కి తెచ్చారు. సీరియల్ అయిపోయాక 2024 మార్చి 25న అదే జంటతో ‘కార్తీక దీపం’ రెండో భాగం కొత్త కథగా మొదలైంది. ఇందులో దీపని వదిలేసి మరో పెళ్ళి చేసుకున్న మొగుడు నరసింహ, ఆ వేషం వేరే నటుడిది. నిరుపమ్ ఆమెను ఆదుకునే కార్తీక్.